పాతకారునకు పరాయి యాసనములు

విక్రమార్కుని సింహాసనపు కథ నెఱుగని తెలుగింటి స్త్రీ యరుదు. పొలములోని దిబ్బక్రింద దొరకిన యా సింహాసనమును భోజరాజు తన నగరికి దెప్పించి, శుభముహూర్తమున నెక్కబోగా, దానికమర్చిన ముప్పదిరెండు సాలభంజికలును ఒక్కొక్కటిగా నతని నడ్డగించి, దానిపై గూర్చుండుటకు నీకు దగిన యోగ్యత కలదా యని ప్రశ్నించినవట. కొఱవి గోపరాజు తెలుగున రచించిన సింహాసనద్వాత్రింశికను చిన్ననాట మా తండ్రిగారియొద్ద జదువుకొన్నప్పుడు ఈ కథ మాకు వినోదముగా మాత్రమే తోచినది. ఒకచోటి యాసనమును దెచ్చి మఱియొకచోట వేసినంతమాత్రమున నది యమరదనియు, వేయుటకు ముందు ఎన్నో ప్రశ్నలకు సమాధానము చెప్పుకొనవలసియుండుననియు మాకు నిజముగా బోధపడినది మా యింటి పాతకారునకు వేఱొక కారు సీట్లు వేయించిన నాడే.

కారు సీట్ల సంగతి మగవారిది గదా, స్త్రీలు చదువు పత్రికలో దీనికేమి పనియని కొందఱు సోదరీమణు లనుకొందురేమో. కారు నడుపువా రెవరైనను, అందు గూర్చుండువారిలో పెక్కుమందిమి మనమే. పసిపిల్లల నొడిలో నిడుకొనువారము మనము. మోకాళ్లనొప్పులు గల అత్తగారిని చేయిపట్టి యెక్కించువారము మనము. నేడు స్వయముగా కారు నడుపు సోదరీమణులును మన గోదావరి సీమలో తక్కువవారు గారు. కూర్చుండువారి నడుగకయే పీటను కొనిన యింట నేమి జరుగునో మా యనుభవము చెప్పును.

మాది ఉండి. మా మామగారు కాలము చేసి పదేండ్లు దాటినది. వారు మాకు విడిచిపోయిన వస్తువులలో 1978 నాటి మార్కు 3 అంబాసిడరు కారొకటి. మావారు బడిపంతులు, క్రొత్తకారు కొనుటకు శక్తి చాలక కొంతయు, తండ్రిగారి జ్ఞాపకమును విడువలేక కొంతయు దానినే నిలుపుకొంటిమి. ఈ కారు వంశచరిత్రము క్లుప్తముగా చెప్పిన నిది: 1942లో స్థాపింపబడిన హిందూస్థాన్ మోటార్సు కంపెనీవారు ఇంగ్లండు దేశపు మారిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి కారును ఆధారము చేసికొని, కలకత్తాకు చేరువనున్న ఉత్తరపారాలో దీనిని 1950 దశాబ్ది చివర నుండి తయారుచేసిరి. మంత్రుల వాకిళ్లలోను, పెండ్లి పందిళ్లయొద్దను అర్ధశతాబ్దికి పైగా వెలసి, 2014 మే నెలలో దాని తయారీ యాగిపోయినది. చేయువారు లేని కారునకు క్రొత్తసీట్లు కర్మాగారమునుండి రావు. కావుననే పాతది చెడినప్పుడు వేఱొక నమూనా సీట్లవైపు చూడవలసివచ్చును.

మా కారులో ముందుభాగమున నున్నది బెంచీసీటు. ఈ తలుపునుండి ఆ తలుపువఱకు ఒకే పీఠము, ఒకే వీపు. గేరు కఱ్ఱ నేలమీద గాక స్టీరింగుచెంత నుండుటచే నడుమ నేమియు నడ్డులేదు. నడుపువారి ప్రక్కన నింకను ఇద్దఱు కూర్చుండవచ్చును. మేము క్రొత్తకోడలిగా ఉండికి వచ్చిన దీ కారులోనే. ముందు మామగారును, అత్తగారును, వారి నడుమ మా యాడుబిడ్డ కూతురును కూర్చుండిరి. పిమ్మట మా పిల్ల లిద్దఱును ఆ నడిమిచోటునకై కొట్లాడుకొనుచునే పెరిగిరి. అది యింటిలో నరుగువంటిది. ఎవరికిని ప్రత్యేకముగా జెందనిది, అందఱికిని చోటిచ్చునది.

కాని వస్తువు వస్తువే. సుమారు నలువదియైదేండ్లకు దానిలోని స్ప్రింగులు కొన్ని తెగి, కొన్ని క్రుంగి, పైనున్న గోనెపట్టాను, కొబ్బరిపీచును, దూదిని చీల్చుకొని రెగ్జినుపైకి వచ్చినవి. మా యత్తగారి చీర రెండుమాఱులు చిరిగినది. భీమవరము పోయివచ్చుసరికి నామె నడుము పట్టుకొని రెండుదినములు మంచముదిగకుండెను. సీట్లు మార్చవలసినదే యని యింట నిశ్చయమైనది.

ఇక్కడనే మా మొదటి పొరపాటు. మావారును, వారి తమ్ముడును ఒక యాదివారమున బోయి, పాతకారుల సామానులమ్ముచోట రెండు సీట్లు చూచి, చూచినంతనే కొనివైచిరి. అవి యేదో చిన్న క్రొత్తరకపు కారువి. నల్లనివి, ఇరుప్రక్కల గట్లు దేలియున్నవి. పందెపుకారులలోనివలె నున్నవని మా పెద్దవాడు గంతులు వేసెను. ఒక కార్ఖానాలో నొక్క మధ్యాహ్నములో పాతబెంచీని దీసి వీనిని బిగించియిచ్చిరి. ఆ కార్ఖానా యేదో చెప్పుట మా యుద్దేశము గాదు; అడుగవలసిన దడుగని తప్పు మాది. మా యత్తగారు మొదటిసారి యందులో దిగబడి, మోకాళ్లు గడ్డమునకు వచ్చినంత పనియై, “అమ్మాయీ, ఇది కుర్చీ కాదే, నుయ్యి. దిగడమైతే దిగాను, ఎక్కించేదెవరు?” అనిరి. అందఱమును నవ్వితిమి. ఆమె మాటలో సగము ప్రమాదసూచన గలదని యెవరికిని తట్టలేదు.

ఆ ఫాల్గుణమాసమున కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకు బయలుదేఱితిమి. ఆకివీడు, కైకలూరు మీదుగా బోయి అమ్మవారి దర్శనము చేసికొని, ప్రొద్దు వాలునప్పుడు తిరిగివచ్చుచుంటిమి. ఒకప్రక్క కాలువ, మఱియొకప్రక్క చేపలచెఱువు, నడుమ గట్టుమీది రోడ్డు. మావారు నడుపుచుండిరి, ఎడమప్రక్క అత్తగారు, వెనుక మేమును పిల్లలును. గట్టుక్రిందినుండి గేదె యొకటి హఠాత్తుగా రోడ్డెక్కెను. మావారు బ్రేకు గట్టిగా ద్రొక్కిరి. ఆ క్షణమున రెండు సంగతులు జరిగినవి. మావారి సీటు పట్టాలమీద ముందునకు జాఱి, వారి ఱొమ్ము స్టీరింగునకు దగిలెను. వెనుకనున్న మేము ముందుసీటు వీపుమీద బడగా, అత్తగారి సీటు వెనుకకాళ్ల బోల్టులు రెండును నేలరేకును చించుకొని పైకిలేచి, సీటు సీటంతయు ముందునకు దొల్లెను. ఆమె నుదురు డాష్‌బోర్డునకు గొట్టుకొనెను. కారు కాలువ యంచునకు బారెడు దూరమున నిలిచినది. ఆమెకు మూడు కుట్లు పడినవి. ఆ మచ్చ నేటికిని బొట్టుపైన కనబడుచునే యున్నది. బారెడు దూరమను మాట వ్రాయునపుడు మా చేయి యిప్పటికిని వణకుచున్నది.

దశరథుని రథచక్రమునకు శీల యూడిపోగా కైకేయి తన వ్రేలిని దూర్చి భర్తను గాపాడెనని పెద్దలు చెప్పుదురు. రథమెంత గొప్పదైనను దాని బలము శీలలో నున్నదని ఆ కథ చెప్పుచున్నది. కారు సీటు సంగతియు నంతియే. మనము చూచునది మెత్త, రంగు, కుట్టు. ప్రాణము నిలుపునవి మనకు గనబడక క్రిందనుండు నాలుగు బోల్టులును, అవి పట్టుకొనియున్న నేలయును.

ఈ ముక్క మాకు విప్పిచెప్పినవాడు తాడేపల్లిగూడెములోని యొక ముసలిమేస్త్రి. కారును చూడగానే ఆయన సీట్ల జోలికి పోలేదు. చాప యెత్తి, స్క్రూడ్రైవరుతో నేలరేకును బొడిచెను. అది లోనికి దిగబడినది. “ఇది రేకు కాదమ్మా, అప్పడం. ముందు నేల, తర్వాత పీట” అనెను. మన కొల్లేటిప్రాంతములో వానకాలమున తడిసిన చెప్పులతో నెక్కుదుము; ఆ నీరు చాపక్రిందనుండు పీచుపట్టాలో నిలిచి, మాసములతరబడి యారదు. పైకి చాప చక్కగానే యుండును. క్రింద రేకు తుప్పుపట్టి తినివేయబడును. పాత లారీలకువలె దీనికి విడిగా ఇనుపచట్రము లేదు. అడుగురేకును, ప్రక్కలును, పైకప్పును కలిసియే యీ కారు శరీరము. కావున నేల చెడినదన్న వెన్నెముక చెడినట్లే. చెడిన రేకును గోసివైచి, అదే దళసరిగల క్రొత్తరేకు నతికించి, తుప్పుపట్టని రంగు పూసిన పిమ్మటనే సీట్లమాట యెత్తవలెను.

ఆ బోల్టులపై నెంతబరువు పడునో మేము తెలిసికొని నిర్ఘాంతపోయితిమి. సీట్ల బలమును గూర్చి దేశదేశములవారు పాటించు ఐక్యరాజ్యసమితి 17వ నిబంధన ననుసరించి, సీటును బిగించు పట్టులు, దాని బరువునకు 20 రెట్ల యీడ్పునకు దట్టుకొని నిలువవలెను. సీటు 15 కిలోలైనచో ఆ యీడ్పు 300 కిలోల బరువంత. అనగా మన ధాన్యపు బస్తాలు, 75 కిలోలవి, నాలుగు. ఇది యుత్త సీటు మాటయే. వెనుకనుండి మనము వచ్చి పడిన యెడల నది వేఱు. పదికిలోల పసివానికి అదే లెక్క వేసిన 200 కిలోలగును. ఒడిలోని బిడ్డను చేతులతో నాపగలమని తల్లి యనుకొనుట ప్రేమయే గాని బలము గాదు.

రెండవసారి సీట్లు వెదకునపుడు మేము వెంటబోయితిమి. విజయవాడ ఆటోనగరులో వరుసగా వందల దుకాణములు. మేస్త్రి యొక సలహా నిచ్చెను: పరాయివంశపు సీటుకంటె అదే వంశములో వెనుక పుట్టిన నమూనా సీటు మేలని. తరువాత వచ్చిన అంబాసిడరు 1800 ఐ.ఎస్.జెడ్. నమూనాలో, ముందు బెంచీకి బదులుగా విడివిడి సీట్లు కోరుకొను వీలు కల్పించిరి. పగిలిపోయిన యట్టి కారొకదానినుండి దీసిన జత మాకు దొరకినది. ఒకే వంశమైనను అవి మా కారులోని పాతబెజ్జములలో నేరుగా గూర్చుండలేదు. అయినను తలుపుల వెడల్పును, నేలమధ్య షాఫ్టు పోవు మిట్టయు నొకేవిధముగ నుండుటచే పని తేలికపడినది. ఇంజను ముందుచక్రములనే త్రిప్పు చిన్నకారులకు ఆ మిట్ట యంత యెత్తుగా నుండదు. వాని సీట్లకు లోపలికాలొక యెత్తు, వెలుపలికా లొక యెత్తుగ నుండుట కలదు. అట్టివి మన పాతకారులో వేసినప్పుడు సీటొక ప్రక్కకు వాలును. మా మొదటి సీట్లకు ఆ వాలు దీర్చుటకై చెక్కముక్కలును, వాషర్ల దొంతరలును బెట్టిరని తరువాత తెలిసినది.

ఇక కొలతలు. రవిక కుట్టించునపుడు మన మొక్కరి కొలత మఱియొకరి కీయము గదా! సీటును కొనునపుడు మాత్రము కొలతయే తీయము. మేము దారము నొకటి దీసికొని, అత్తగారిని కుర్చీపై గూర్చుండబెట్టి, మూడు ముడులు వేసితిమి. మొదటిది మడమనుండి మోకాలి మడతవఱకు. సీటు ముందంచు ఇంతకంటె మిక్కిలి తక్కువైనచో ముసలివారు లేవలేరు. రెండవది నడుమునుండి మోకాలి మడతవఱకు. సీటు లోతు దీనికంటె రెండు మూడు వ్రేళ్లు తక్కువగా నుండవలెను, లేనిచో కాళ్లు తిమ్మిరెక్కును. మూడవది కూర్చున్నచోటినుండి నడినెత్తివఱకు. దానిపైన కారుకప్పునకు బెత్తెడైన నెడముండవలెను. దుకాణదారుడు మా దారమును చూచి మొదట నవ్వెను. నాలుగవ సీటునకు గూడ మేము కొలత పెట్టుట చూచి తానే టేపు దెచ్చి పట్టుకొనెను.

నడుపువారికి వేఱు కొలతలు. క్లచ్చిని అడుగంట ద్రొక్కినప్పుడు మోకాలు కొంచెము వంగియే యుండవలెను. స్టీరింగునకును ఱొమ్మునకును నడుమ పది అంగుళములైన నుండవలెను. కన్ను అద్దమునకు నడిభాగమున బడవలెను గాని, స్టీరింగుచక్రము సందునుండి తొంగిచూడరాదు. తల యానుదిండు పైయంచు చెవుల పైభాగమునకు దిగువ నుండరాదు. వెనుకనుండి మఱొక బండి ఢీకొన్నప్పుడు మెడను గాపాడునది యదియే. పాతబెంచీకి తలదిండు లేనేలేదు. క్రొత్తసీట్లవలన మాకు గలిగిన గొప్ప లాభములలో నిదియొకటి.

చీర కట్టువారము గనుక మఱి రెండుమాటలు. ప్రక్కలు గట్లవలె లేచియున్న సీట్లు పంట్లాములవారికి సుఖమేమో గాని, చీరకుచ్చెళ్లతో నెక్కి దిగు మనకును, తొడలు నొచ్చు వృద్ధులకును పనికిరావు. అంచు చదునుగా నుండవలెను. సీటును ముందువెనుకలకు జరుపు పట్టాలకు గ్రీజు పూయుదురు. పైట జాఱి అందులో బడినచో చీర చెడుటయే గాక, పట్టా సరిగా తగులుకొనక పోవచ్చును. కూర్చున్న పిమ్మట పైటను ఒడిలోనికి దీసికొని, సీటును ముందునకు వెనుకకు నొకసారి కుదిపిచూచుట యలవాటు చేసికొనవలెను. రెండుప్రక్కల పట్టాలును టక్కుమని తగులుకొన్నప్పుడే అది నిలిచినట్లు. మావారి సీటు ఆనాడు జాఱుటకు కారణము ఒకప్రక్క పట్టా మాత్రమే తగులుకొని యుండుటయే.

బిగింపునుగూర్చి మేస్త్రి చేసిన పనిని మేము ప్రక్కన నిలిచి చూచితిమి. కారు ప్రక్కదూలమునుండి నడిమిమిట్టవఱకు దళసరి పెట్టెకమ్మి నడ్డముగ వేసి, సీటు పట్టాలను దానిపై నిలిపెను. మా దారపు మొదటిముడి ప్రకారము పాతబెంచీ యెంత యెత్తుండెనో అంతయెత్తునకు దెచ్చెను. నేలక్రింద ప్రతిబోల్టునకును అరచేతి వెడల్పుగల ఇనుపపలక వేసెను. చిన్న వాషరైనచో రేకును గోసికొని వచ్చును, వెడల్పు పలకయైనచో బరువు నలుదెసలకు బంచును. విస్తరిక్రింద పీట వేసినట్లు. బోల్టుల తలపై 8.8 అను నంకె చెక్కియున్నదో లేదో మమ్ములనే చూడుమనెను. ఆ యంకె బోల్టు బలమునకు గుఱుతు. అంకెలేని బజారుబోల్టు ద్వారబంధమునకు చాలునేమో గాని సీటునకు చాలదు. చదువు వచ్చిన ప్రతి స్త్రీయు చూడగల గుఱుతిది.

బెల్టుల మాట. మూడుచోట్ల బిగించు నేటి సీటుబెల్టును 1959లో స్వీడను దేశపు వోల్వో కంపెనీలో నిల్స్ బోలిన్ అను నింజనీరు రూపొందించెను. ఆ కంపెనీ దానిని తక్కిన కంపెనీలన్నియు వాడుకొనుటకు విడిచిపెట్టెను. మన దేశమున 1994 నుండి క్రొత్తకారుల ముందుసీట్లకును, 2002 నుండి వెనుకసీట్లకును బెల్టులు నిర్బంధమైనవి. మాది 1978 నాటిది గనుక బెల్టులు లేవు. వేయించుటకు దగిన పట్టులును లేవు. మేస్త్రి తలుపుల నడిమిస్తంభమునను, నేలమీదను దళసరి పలకలు వేసి పట్టులు చేసి, ముందును వెనుకను బెల్టులమర్చెను. ఒక హెచ్చరిక: కొన్ని క్రొత్తకారులలో బెల్టుకొక్కెము సీటు చట్రమునకే యుండును. అట్టి సీటును పాతకారులో వేసినచో బెల్టు నీడ్చు బలమంతయు మనము వేసిన నాలుగు బోల్టులమీదనే పడును. అట్లే కొన్ని క్రొత్తసీట్ల ప్రక్కలలో గాలిసంచు లడగియుండును. సీటుక్రింద పసుపుపచ్చని తీగముడి కనబడినచో దానిని కదపరాదు, కొట్టరాదు, కొనరాదు. సంచి కూర్చున్నవారి ప్రక్కనే ప్రేలవచ్చును.

వెనుక గూర్చుండువారికి బెల్టేల యను ప్రశ్న మేమును వేసినవారమే. ఆనాడు అత్తగారి సీటును దొల్లించినది గేదె గాదు. బెల్టులేక వచ్చిపడిన మా బరువు. ఎంత కలవారైనను ఈ నియమమునకు మినహాయింపు లేదు: 2022 సెప్టెంబరు 4వ తేదీన పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీగారు మంచి కారులోనే, వెనుకసీటున, బెల్టు లేకుండ ప్రయాణించుచు ప్రమాదమున మరణించిరి.

ఇక మెత్తయు ముసుగును. పాతవారు గోనె, పీచు, దూది వాడిరి. వానికి గాలియాడును, చెమ్మ పట్టినను ఎండబెట్టుకొనవచ్చును. నేటి ఫోము సుఖమైనదే గాని నీరు పీల్చినచో లోన నెంతకాలమైన నుంచుకొని వాసన గొట్టును. మాకు దొరకిన సీట్ల ఫోము ముక్కలగుచుండగా, దానిని దీసివైచి, గట్టి ఫోముమీద రబ్బరుపాలు పట్టించిన కొబ్బరిపీచు పలక నొకటి వేయించితిమి. నడుమునొప్పి గలవారికి మిక్కిలి మెత్తనిది శత్రువు. కూర్చున్నపుడు అంగుళము రెండంగుళములకంటె క్రుంగరాదు. పైకి రెగ్జిను వేసవిలో కాలును, చెమటకు వీపు నంటుకొనును. కావున కూర్చుండుచోట ముతకనేత నూలుగుడ్డయు, అంచులకు మాత్రము రెగ్జినును కుట్టించితిమి. ఆ నూలుముసుగును నాడాలతో గట్టునట్లు మేమే కుట్టి, నెలకొకమాఱు విప్పి యుతుకుచున్నాము. నేలమీది చాపను ఆషాఢమునుండి కార్తికమువఱకు వారమునకొకసారి యెత్తి యారబెట్టుచున్నాము. ఇల్లలుకు చేతికి ఇది యొక పనియా!

చట్టము సంగతియు దెలిసికొనవలెను. 1988 మోటారువాహనముల చట్టము 52వ విభాగము ప్రకారము, రిజిస్ట్రేషను పత్రములోని వివరములు కారు చేసినవారు మొదట నిర్దేశించినవానికి భిన్నమగునట్లు యజమాని మార్పు చేయరాదు. 2019 జనవరిలో సుప్రీముకోర్టును ఇదే నియమమును గట్టిగా చెప్పినది. కూర్చుండువారి సంఖ్యయు ఆ పత్రములో వ్రాయబడియుండును. ముగ్గురు గూర్చుండు బెంచీని దీసి ఇద్దఱి సీట్లు వేయునపుడు ముందుగనే రవాణాకార్యాలయమున విచారించి, భీమాకంపెనీకి దెలియజేయుట మేలు. ఏబదియేండ్లు నిండిన కారులకు 2021 జూలైలో వచ్చిన నియమములు వేఱు. అవి మూలరూపము చెడనివైనచో ప్రాచీనవాహనములుగ ప్రత్యేకముగా నమోదు చేసికొనవచ్చును, కాని వానిని నిత్యప్రయాణములకు వాడరాదు. మా కారునకు 2028లో ఏబదియేండ్లు నిండును. కావుననే మేస్త్రి పాతబెజ్జములను పూడ్చలేదు; పాతబెంచీని ముక్కలు చేయనీయలేదు. ఎప్పుడైన దానిని తిరిగి వేయవలెనన్న వేయవచ్చును. పాతవస్తువునకు చేయు మార్పు వెనుకకు మరల్చుకొనగలిగినదిగా నుండవలెనని యాయన సిద్ధాంతము. మాకును నచ్చినది.

అన్నియు నమరిన పిమ్మట మిగిలినది ఆ నడిమిచోటు. విడిసీట్లు వేసినప్పుడు అది పోయినది. మా చిన్నపిల్ల రెండుదినములు కారెక్కనని మొరాయించినది. అత్తగారును మాటాడలేదు గాని, క్రొత్తసీటులో గూర్చుండి, తన కుడిచేతిని ఊరక ప్రక్కన జాచి, ఏమియు దొరకక మరల నొడిలోనికి దీసికొనుట మేము వెనుకనుండి చూచితిమి. నలువదియేండ్లు ఆ చేతిక్రింద ఎవరో యొక బిడ్డ యుండెడివాడు. మాకును గొంతు పట్టుకొన్నది. అయినను ఆ చోటు నిలుపదగినది గాదు. 2019లో సవరింపబడిన చట్టము 14 ఏండ్లలోపు పిల్లలను బెల్టుతో గాని, పిల్లల సీటుతో గాని భద్రపఱుపని వారికి వేయిరూపాయల జుల్మానా విధించుచున్నది. జుల్మానా మాట యటుండనిండు. ఆ గట్టుమీద ఆనాడు మా పిల్ల నడిమిచోట గూర్చుండియున్నచో నేమగునో ఊహింపనక్కఱలేదు. మనము మిక్కిలి ప్రేమించిన చోటు మిక్కిలి యపాయకరమైన చోటని యొప్పుకొనుట కష్టము. తల్లులే దానిని ముందుగ నొప్పుకొనవలెను.

పాతబెంచీని మావారు సాయంకాలములు కూర్చుండి బాగుచేసిరి. తెగిన స్ప్రింగులు మార్చి, పీచు నింపి, నాలుగు కొయ్యకాళ్లు వేసి, మా యింటి పంచలో గోడకు జేర్చిరి. దానిపై రెగ్జినును ఆకుపచ్చదే కుట్టించితిమి. మామగారు కొన్ననాడు దాని రంగదియే. మధ్యాహ్నవేళ అత్తగారు దానిపై నొకకొస గూర్చుండి చింతపండు పిక్కలు దీయుచుందురు. బడినుండి వచ్చినంతనే పిల్లలిద్దఱును సంచులు పాఱవైచి నడిమిచోటునకు బరుగెత్తుదురు. గెలిచినవారు ఆమె కుడిచేతిక్రింద ఒదిగి కూర్చుందురు.

సోదరీమణులారా, మీ యింట పాతకారుండి, దాని సీట్లు మార్చు ప్రసంగము వచ్చినప్పుడు పంచలో నిలిచి వినువారుగా నుండిపోకుడు. నేల గట్టిదా? బోల్టుక్రింద పలక యున్నదా? ఎవరి కొలతకు సీటు తెచ్చిరి? పిల్లల బెల్టెక్కడ? పాతది మరల వేయవీలగునా? సాలభంజికలు ముప్పదిరెండు ప్రశ్నలు వేసినవి. మన మీ యైదు వేసిన చాలును. వీనికి సమాధానము వచ్చువఱకు ఆ సింహాసనము నెవరిని నెక్కనీయకుడు.